ఆదిమూలం మామ చూడమన్న సినిమాలు

చావు జరిగిన ఇంటికి వెళ్ళి, ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లిన వాళ్ళ మధ్య కూర్చుని, నవ్వొచ్చే ప్రేమ సినిమా ఒకటి చూడండని చెప్పి వచ్చే మనిషిని మీరెవరూ చూసి ఉండరు. నేను చూశాను. పన్నెండేళ్ళపాటు రోజూ చూశాను. ఆయన పేరు ఆదిమూలం. చిత్తూరులో మా ఫ్లెక్సీ అంగడి పక్క షెడ్డు ఆయనదే.

ఆయన పని ఫ్రీజర్ బాక్సులు అద్దెకివ్వడం. దూరాన ఉన్న పిల్లలు వచ్చేదాకా శవాన్ని పెట్టి ఉంచే అద్దాల పెట్టె అది. ఊళ్ళో అందరూ ఐసు పెట్టె అంటారు. ఆయన దగ్గర అలాంటివి రెండు, వాటిని వేసుకుని తిరిగే తెల్ల వ్యాను ఒకటి ఉండేవి. మా పని ఆ వ్యాను వెనకాలే మొదలయ్యేది. పోయినవాళ్ళ ఫొటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ, కింద పెద్దక్షరాల్లో అశ్రునివాళి. పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ కూడా ఫ్లెక్సీలు వేసేవాళ్ళమే కానీ, ఆదిమూలం మామ పక్కనుండగా మాకు చావు బేరాలే ఎక్కువ తగిలేవి. "యముడు దున్నపోతును మన వీధిలోనే కట్టేసినాడు" అనేవాడు మా నాయన.

ముఖం చూస్తే ఆ పనికే పుట్టాడనిపించేది. పొడుగాటి ముఖం, కిందికి జారిన మీసాలు, ఇప్పుడే ఎవరినో పూడ్చి వచ్చినట్టుండే కళ్ళు. ఆ ముఖం వేసుకుని ప్రతి శుక్రవారం మ్యాట్నీకి వెళ్ళేవాడు. ప్రేమా హాస్యమూ కలిసిన సినిమా ఏది వచ్చినా వదిలేవాడు కాడు. హాలంతా విరగబడి నవ్వుతుంటే ఆయన మాత్రం దినంలో కూర్చున్నట్టు కూర్చునేవాడు. ఒకసారి టార్చిలైటు మనిషి దగ్గరికొచ్చి, "ఏమన్నా బాగలేదా పెద్దాయనా, బయటికి పోయి కూసుంటావా?" అని అడిగాడట.

"బాగుండాదబ్బా. శానా నవ్వొస్తా ఉండాది. కదిలించద్దు" అన్నాడట ఈయన.

ఆయన భార్య భారతమ్మత్తను నేనొకసారి అడిగాను, మామ ఎప్పుడైనా నవ్వుతాడా అని. "నవ్వుతాడు పాపా. మీ మామకి నవ్వు లోపలికి పోతాది, బయటికి రాదు" అంది.

ఇంకో చిక్కేమిటంటే ఆయనకు ఏ సినిమా పేరూ గుర్తుండేది కాదు. శుక్రవారం సాయంత్రం షెడ్డు తలుపు చప్పుడు వినిపించగానే నేను అడిగేదాన్ని.

"ఏం సినిమా మామా ఈవారం?"

"అదే పాపా, ఆ పిల్ల వంకాయల సంచీతో లిఫ్టులో ఇరుక్కుంటాది సూడు, ఆ సినిమా."

"పేరేంది?"

"పేరెవురికి కావాల? నాలుగు గంటలు కరెంటు రాదు. వాళ్ళిద్దురూ పచ్చి వంకాయలు తింటారు. అది ముఖ్యం."

పేరు తెలియకపోయినా తూకం మాత్రం కచ్చితంగా వేసేవాడు. చూడదగిన సినిమాకు ఆయన దగ్గర నియమాలుండేవి. మొదటిది, సినిమాలో ఒక్కరూ చావకూడదు. "చివరికి కుక్కపిల్ల గూడా సావగూడదు. సావు సూసేదానికి టికెట్టు తీసుకునే ఖర్మ నాకేంది?" హీరోకి ఒక పని ఉండాలి. "పనిలేని హీరో ఎంటబడతాడు. పనుండే హీరో ఆలిస్యంగా వస్తాడు. ప్రేమ పుట్టేది ఆలిస్యంగా వచ్చేవోడి మీదనే పాపా." హీరోయిన్ తెర మీద ఒక్కసారైనా కడుపునిండా అన్నం తినాలి. ప్రేమ కోసం ఎవరూ ఎవరినీ కొట్టకూడదు. కొట్టుకుంటే అది ప్రేమ సినిమా కాదట, గట్టు తగాదా అట. పిల్ల తండ్రి ఇంటర్వెల్‌కు ముందే ఒకసారి నవ్వెయ్యాలి. "ఆకరి రీల్లో నవ్వే తండ్రిని నమ్మగూడదు. వాడు ఇంటికి పోదామని నవ్వతాడు."

ఇంతవరకూ అయితే ఏ ఊళ్ళోనైనా ఉండే సినిమా పిచ్చే. మామ పిచ్చి దీన్ని దాటి చావు జరిగిన ఇళ్ళలోకి వెళ్ళేది.

పెట్టె తీసుకెళ్ళిన రోజు మాట్లాడేవాడు కాడు. ప్లగ్గు పెట్టి, చల్లదనం సరిచూసి, ఒక మూల కూర్చునేవాడు. శవం లేచాక పెట్టె తెచ్చుకునేవాడు. కానీ ప్రతి ఇంట్లోనూ పెట్టె ప్లగ్గు పెట్టుకునే తన జంక్షన్ బాక్సు మరిచిపోయి వచ్చేవాడు. మూడు నాలుగు రోజులాగి దానికోసం మళ్ళీ వెళ్ళేవాడు. మంచినీళ్ళు అడిగి తాగేవాడు. తాగి, గ్లాసు కింద పెట్టి, "ఒక సినిమా ఉండాది. ఇంట్లో అందురూ కూసోని సూడండి. మంచి నవ్వులాట" అని కథ మొదలుపెట్టేవాడు.

పలమనేరులో ఒక ఇంట్లో చెప్పు తీశారు. పూతలపట్టు దగ్గర కుక్కను వదిలారు. ఆ కుక్క ఈయన ముఖం చూసి, తోక ముడుచుకుని, వెనక్కి వెళ్ళి ఏడ్చిందని మా నాయన చెప్పేవాడు.

"మామా, సావింట్లో సినిమా మాట ఎత్తొచ్చునా?" అని నేను కోప్పడితే, "యాడ ఎత్తాల మరి? పెండ్లింట్లో ఎత్తితే ఎవురింటారు? వాళ్ళ సినిమా వాళ్ళకుండాది" అనేవాడు.

ధనంజయ సార్ సంగతి చెప్తాను. ఆయన లెక్కల మేష్టరుగా చేసి రిటైరయ్యాడు. భార్య పంకజాక్షమ్మ పోయాక నెలరోజులు గది దాటి రాలేదు. మనిషి గోడకేసి తిరిగి పడుకుంటే అన్నం పళ్ళెం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చేదట. ఆయన కొడుకు గిరి ఒకరోజు మా అంగడికి వచ్చాడు.

"ఆ ఐసు పెట్టాయన యాడక్కా? సినిమా సూడమన్నాడు. యాడా లేదు. ఫోన్లో ఎతికినా, మా ఆఫీసులో సినిమా పిచ్చోళ్ళనందుర్నీ అడిగినా. బస్సులో సీటుకి తువ్వాలేసే సినిమా అంట. ఎవురూ సూడలా."

షెడ్డులోంచి మామ వచ్చాడు. "సరిగ్గా ఎతకలా నువ్వు."

"అయితే కథ మళ్ళా చెప్పు."

మామ చెప్పాడు. హీరో రోజూ పొద్దున తిరుపతి బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకుంటాడు. ఎక్కేసరికి ఆ సీట్లో ఒకమ్మాయి కూర్చుని ఉంటుంది. తువ్వాలు ఏదంటే తెలీదంటుంది. మర్నాడు ఇంకో తువ్వాలు. దాని గతీ అంతే. ఇంటర్వెల్ సమయానికి హీరోకి ఇంట్లో తుడుచుకునేందుకు తువ్వాలుండదు, చొక్కాతో తుడుచుకుని వస్తుంటాడు. పెళ్ళిలో ఆ పిల్ల పెట్టె తెరిస్తే తువ్వాళ్ళన్నీ ఉతికి ఇస్త్రీ చేసి మడతలు పెట్టి ఉంటాయి.

గిరి రాసుకుని వెళ్ళాడు. వారానికి మళ్ళీ వచ్చాడు, దొరకలేదని. మూడోసారి వచ్చినప్పుడు వాళ్ళ నాయనను స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని వచ్చాడు. గడ్డం పెరిగి, చొక్కా వదులై, సార్‌ను గుర్తుపట్టలేకపోయాను. ఆయన మా స్టూలు మీద కూర్చుని మామను అడిగాడు.

"ఆ సినిమాలో తువ్వాళ్ళు ఎన్ని?"

"పదకొండు సార్."

"పదమూడు" అన్నాడు సార్. పెదవి చివర ఏదో కదిలింది. లేచి స్కూటరెక్కాడు.

సార్ చూసినట్టున్నాడు, అయితే ఆ సినిమా ఉందన్నమాట అనుకున్నాను. నా తెలివి అంతవరకే పోయింది.

ఇక మా నాయన మాట. ఫ్లెక్సీలు రాకముందు మా నాయన గురప్ప బోర్డులు రాసేవాడు. చేతిరాత ముత్యాల్లా ఉండేది. అంతకంటే పెద్ద పేరు ఆయనకు తప్పులు లేకపోవడం మీద. జీవితంలో ఒక్క వత్తు తప్పు రాయలేదని ఊరంతా చెప్పుకునేది. నేనూ తమ్ముడు మోహనూ చిన్నప్పుడు వత్తు తప్పితే స్కేలు విరిగేది. మాట తక్కువ మనిషి. మా అమ్మ తాయమ్మతో కూడా "సంగటి పెట్టు", "గొడుగు ఇయ్యి" తప్ప మూడో మాట మాట్లాడగా నేను వినలేదు. మా అవ్వ కుదిర్చిన సంబంధమనీ, చూడకుండా చేసుకున్నారనీ మాకు తెలుసు. అందుకే ఇంత పొడిపొడిగా ఉన్నారనుకునేదాన్ని.

పోయిన ఏడు నాయనకు పక్షవాతం వచ్చింది. మూడు నెలలు మంచం మీద ఉన్నాడు. మద్రాసు తీసుకుపోదామని మోహన్ పట్టుబట్టాడు. వాడు సూళ్లూరుపేట దగ్గర కంపెనీలో పనిచేస్తాడు, అక్కణ్ణుంచి మద్రాసుకు రైల్లో గంటన్నర. లాభం లేదని డాక్టరు నాతోనే చెప్పాడు. ఆ మాట వాడికి చెప్పే ధైర్యం లేక, ఇంట్లోనే ఉంచుదామని మొండికేశాను. కార్తీకమాసం, తుఫాను వాన, బుధవారం పొద్దున నాయన పోయాడు.

నేను ఫోను చేయకముందే ఆదిమూలం మామ వానలో తడుస్తూ పెట్టె తెచ్చాడు. నాయనను పెట్టెలో పడుకోబెట్టేటప్పుడు తల కింద చెయ్యి పెట్టి, "మెల్లిగా బావా" అన్నాడు, నాయనకు నొప్పి తగులుతుందేమోనన్నట్టు. కరెంటు పోతూ వస్తూ ఉంది. చిన్న జనరేటరు పెట్టుకుని, వైరు పట్టుకుని మూల కూర్చున్నాడు. అమ్మ అద్దం మీద చెయ్యి వేసుకుని ఏదో గొణుగుతూనే ఉంది. దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. చుట్టాలంతా బయట టార్పాలిన్ పట్ట కింద ఉన్నారు. నేను అంగడికి వెళ్ళి ఫ్లెక్సీ వేస్తూ కూర్చున్నాను. ఎన్ని వందలమందికి వేశానో, నాయన ఫొటో తెర మీదికి రాగానే నాకు అక్షరాలు కనబడలేదు. ఎలాగో టైపు చేసి, ప్రింటు తీసి, తెచ్చి కట్టేశాక చూసుకున్నాను: అశ్రునివాలి. తప్పుల్లేని మనిషి నెత్తి మీద తప్పు వేలాడదీశాను. మార్చే ఓపిక లేకపోయింది. ఎవరూ గమనించలేదులే అనుకున్నాను.

మోహన్ రెండు గంటలకు వచ్చాడు. పెట్టె ముందు నిలబడి, నావైపు తిరిగి, "నేను చెప్పినా గదక్కా" అన్నాడు. అంతే. తర్వాత మా మధ్య మాట లేదు. పూడ్చి వచ్చాక కూడా లేదు. వాడు ఒక గదిలో, నేను అంగట్లో, అమ్మ వంటింటి గడప మీద. ఎవరికి ఆకలైనప్పుడు వాళ్ళు లేచి ఇంత పెట్టుకుని తినేవాళ్ళం. బయట వాన ఆగలేదు. ఇల్లు నానిపోయిన అట్టపెట్టెలా అయిపోయింది, ఎక్కడ ముట్టుకున్నా ఊడొచ్చేట్టు.

ఐదోరోజు మామ జంక్షన్ బాక్సు కోసం వచ్చాడు.

మంచినీళ్ళు అడిగాడు. "మామా, వద్దు" అన్నాను ముందే. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"ఒక సినిమా ఉండాది పాపా. హీరో బోర్డులు రాసేవోడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రాసేదానికి పోతాడు. బండ్లు తూకమేసే కాటా దగ్గిర 'కాటాపై మనుషులు నిలబడరాదు' అని రాయాల. రాసేది రాస్తాడు, ఒక అచ్చరం ఎగరగొడతాడు. కాయల ట్రాక్టరు మింద వచ్చిన పిల్ల దిగి, ఆ కాటా మిందనే నిలబడి తప్పు సూపిస్తాది. దిగు అంటారు. తప్పు దిద్దితేగానీ దిగనంటాది. బరువు తేలదు. ఎనకాల ఇరవై బండ్లు నిలిసిపోతాయి…"

మోహన్ గదిలోంచి వచ్చాడు. "మా నాయన పోయి వారం కాలా. ఆయన పనే పెట్టి ఎగతాళి కథలు సెప్తావా?" అని జంక్షన్ బాక్సు లాక్కుని వానలోకి విసిరాడు.

మామ దిగి, దాన్ని తీసుకుని, తువ్వాలుతో తుడిచాడు. "ఇంటర్వెల్ ఎనకాల ఇంకా బాగుంటాదప్పా" అన్నాడు.

"రేపట్నుంచి మా అంగడి మెట్టు ఎక్కద్దు మామా" అన్నాను నేను.

నాయన పోయాక నేనూ మోహనూ ఒకే మాట మీద నిలబడింది అదే మొదటిసారి. ఆ సాయంత్రం వాడు కాఫీ కలుపుకుంటూ, గోడతో అన్నట్టు, "సిగ్గులేని మనిషి" అన్నాడు. "ముందునుంచీ అంతే" అన్నాను నేను, ఇంకో గోడతో.

మర్నాడు వాడు ఫోను పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. చాలాసేపటికి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ హీరో రాసింది మామిడి ఫ్యాక్టరీలోనా, టమోటా ఫ్యాక్టరీలోనా?"

"మామిడి అన్నాడు."

"లేదే. ఎతికినా. యాడా అగపడలా."

"తప్పులు రాసే పెయింటరు అని కొట్టి సూడు."

కొట్టాడు. గోడలకు రంగులేసేవాళ్ళ ఫోన్ నంబర్లు వచ్చాయి. నేను లేచి వాడి పక్కన కూర్చున్నాను. కాటా అని కొట్టాం, ట్రాక్టరు అని కొట్టాం. ట్రాక్టరు పాటలు నూరు వచ్చాయి.

"మొదుటి బోర్డులో తప్పు ఏందన్నాడు?"

"సెప్పనిచ్చినావా నువ్వు?"

అప్పుడు గడప మీదనుంచి అమ్మ గొంతు వినిపించింది. "'నిలబరాదు' అని రాసినాడు. 'డ' ఎగిరిపోయింది."

ఇద్దరం తిరిగి చూశాం. ఆరు రోజుల్లో అమ్మ అన్న మొదటి పూర్తి మాట అది.

"నువ్వు సూసినావామా ఆ సినిమా?" అన్నాడు మోహన్.

"యాడ సూసేది. దాంట్లో నేనే ఉండాను" అంది అమ్మ.

వచ్చి మా మధ్య కూర్చుంది. బంగారుపాళ్యం ఫ్యాక్టరీ, కాయల కాలం, తనకు పంతొమ్మిదేళ్ళు. తప్పు దిద్దించి కాటా దిగింది. మర్నాడు కాయలతో వస్తే ఇంకో బోర్డు, ఇంకో తప్పు. దాన్నీ దిద్దించింది. మూడోరోజు 'కాయలు ఇచట దించవలెను' అని ఉండాల్సిన చోట 'కాయలు ఇచట దంచవలెను' అని ఉంది.

"కొత్తగా చేరినోడెవురో రోకలి యాడుండాదని మేనేజర్ని పోయి అడిగినాడు" అంది అమ్మ. "అప్పుడు నాకు అనుమానమొచ్చింది. ఇంత బాగా రాసే మనిసి రోజుకొక తప్పు ఎట్టా రాస్తాడా అని. తప్పుంటే గదా నేను ట్రాక్టరు దిగేది."

"కావాలనే రాసినాడా? మా నాయనా?" అన్నాడు మోహన్.

"మేనేజరు పనిలోంచి తీసేసినాడు. పొయ్యే రోజు మా ట్రాక్టరు ఎనకాల మా ఊరి పేరు రాసిపెట్టమని మా నాయన అడిగినాడు. ఈయన తన ఊరి పేరు రాసినాడు. తప్పంటిని. 'దీన్ని మాత్రం దిద్దద్దు' అన్నాడు." అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆ బండి మా వాకిట్లో పదేండ్లు అదే పేరుతో తిరిగింది. సంబంధం మీ అవ్వ కుదిర్చిందని బయట సెప్పుకున్నాం. ఊరికి ఏదో ఒకటి సెప్పాల గదా."

"మరి నాకు వత్తు తప్పితే స్కేలు ఇరగ్గొట్టినాడే" అన్నాడు మోహన్.

"తప్పు రాస్తే ఏమైతాదో ఆయనకి తెలుసు గాబట్టి" అంది అమ్మ.

మోహన్ ముందు నవ్వాడు. తర్వాత నేను. అమ్మ ముఖం కొంగులో దాచుకుని భుజాలు ఎగరేస్తుంటే ఏడుస్తోందేమోనని కొంగు లాగి చూశాం. రెండూ చేస్తోంది.

కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "పాపా, ఆ ఫ్లెక్సీలో గూడా తప్పుండాది. 'ళ' రాయాల్సింది 'ల' పడింది. మొదుటి రోజే సూసినా" అంది.

"మరి సెప్పలేదేమా?"

"ఎవురికి సెప్పేది? మీరిద్దురూ నాతో మాట్లాడితే గదా."

నవ్వు ఆగిపోయింది. డాక్టరు నాతో ఏమన్నాడో అప్పుడు మోహన్‌కు చెప్పాను, మూడు నెలలుగా మింగి పెట్టుకున్నదంతా. వాడు విన్నాడు. "నాకు ముందే సెప్పుంటే నీకు బరువు తగ్గుండేది గదక్కా" అన్నాడు. ఆ రోజు ముగ్గురం ఒకేసారి కూర్చుని సంగటి తిన్నాం.

వాన తెరిపిచ్చాక షెడ్డు దగ్గరికి వెళ్ళాను. మామ పెట్టె అద్దం తుడుస్తున్నాడు. నేనే ఆయన మెట్టెక్కాను.

"మామా, నీకెవురు సెప్పినారు?"

"ఏది?"

"ఆ సినిమా."

తుడవడం ఆపలేదు. "మీయమ్మ. నాకు గాదు, మీ నాయనకి సెప్పింది. పొద్దున్నుంచి రెండు దాకా. నేను ప్లగ్గు దగ్గిర కూసోనుండా. పెట్టె కాడ కూసున్నోడు ఎవురికీ అగపడడు పాపా. కరెంటు స్తంభమెంతో వాడూ అంతే."

"ధనంజయ సార్ తువ్వాళ్ళూ అంతేనా?"

"ఆయన పెండ్లానికి సెప్పుకున్నాడు. నేను లెక్క తప్పు ఇన్నట్టుండా." గుడ్డ పిండి మళ్ళీ మొదలుపెట్టాడు. "పదైదేండ్లుగా ఈ మాటలు ఇంటా ఉండా. పోయినోళ్ళతో ఉండేవోళ్ళు ఏం మాట్లాడతారనుకుంటావు? పొలం గురించి ఒక్కరూ మాట్లాడలా. నగల గురించి మాట్లాడలా. అంతా ఇదే. తువ్వాలు దొంగిలించినావు, కాటా దిగనంటిని, ఆ పొద్దు నవ్వు ఆపుకోలేక సస్తిమి. అద్దానికి సెప్తారు. పెట్టె ఎత్తినాక అదంతా యాడికి పోతాది? ఆయమ్మ మళ్ళా పిల్లోళ్ళకి సెప్పదు. పిల్లోళ్ళు అడగరు."

"మా అమ్మ ఇట్టా సెప్పిందని నాకే సెప్పుండొచ్చు గదా మామా."

"సాటుగా ఇన్న మాట మోస్తే అది సాడీ అవుతాది. సినిమా అంటే ఎవురికీ తప్పు లేదు. ఎతుకుతారు. దొరకదు. నన్ను తిడతారు. తిట్టనీ. ఇంట్లో అందురూ కలిసి తిట్టేదానికి ఒక మనిసన్నా కావాల గదా ఆ పొద్దు."

మాట మార్చడానికి, "మరి ఆ శుక్రవారం సినిమాలెందుకు?" అన్నాను.

"నేర్సుకోవద్దా? మీయమ్మ ముందూ ఎనకా లేకుండా సెప్పింది. ఇంటర్వెల్ యాడ పడాల్నో నేను సూసుకోవాల." అద్దంలో నాయన తల ఉండిన చోట ఇంకోసారి తుడిచాడు. "మా బావ పన్నెండేండ్లు నా పక్కన కూసోని టీ తాగినాడు. ఒక్క ముక్క సెప్పలా. దొంగ."

రెండు నెలల తర్వాత బంగారుపాళ్యంలో ఒక పెద్దాయన పోయాడు. పెద్ద దినం కర్మకు ఫ్లెక్సీ కట్టాలి. జంక్షన్ బాక్సు మరిచిపోయానంటూ మామ బయల్దేరుతుంటే నేనూ వ్యానెక్కాను. ఆ ఇంట్లో ముగ్గురు కొడుకులు మూడు దిక్కుల కూర్చుని ఉన్నారు. ముసలమ్మ లోపల గోడకానుకుని ఉంది. ఆమె కళ్ళు తెరిచే ఉన్నాయి కానీ దేన్నీ చూడటం లేదు. మామ మంచినీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టాడు.

"ఒక సినిమా ఉండాదప్పా. ఇంట్లో అందురూ కూసోని…"

పెద్దకొడుకు లేచి నిలబడ్డాడు. ముఖం జేవురించింది. మామను వదిలేసి నావైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వన్నా సెప్పు. ఈయనకి మతి ఉండాదా? సావింట్లో సెప్పేదానికి అంత గొప్ప సినిమా నిజంగా ఉండాదా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. మామ కాళ్ళ దగ్గరి నేలను చూస్తున్నాడు.

"ఉండాదన్నా" అన్నాను. "నేను సూసినాను. మా ఇంట్లో అందురమూ కూసోని సూసినాము."

పెద్దకొడుకు మళ్ళీ కూర్చున్నాడు. చిన్నవాడు, "సరే, ఏందో సెప్పనీన్నా" అన్నాడు. మామ చెప్పడం మొదలుపెట్టేసరికి నేను ఫ్లెక్సీ కట్టడానికి బయటికి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగి వచ్చేటప్పటికి ఆయన వ్యానులో కూర్చుని ఉన్నాడు. ఈసారి ఎవరూ చెప్పు తీయలేదు.

హైవే ఎక్కాక మామ గొణిగాడు. "సూసినానంటివే. హీరో ఏం పని సేస్తాడని వాడు అడిగింటే ఏం సెప్పేదానివి?"

"ఏం సేస్తాడు మామా?"

"గాజులమ్మేవోడు. ఆ పిల్ల సెయ్యి పెద్దది. ఈడి దగ్గిరుండే ఏ గాజూ పట్టదు. పట్టే గాజు తెచ్చేదాకా వదలనని ఈడు, నాకు గాజులే వద్దు పోరా అని ఆ పిల్ల. ఈడు కాళాస్తి పోతాడు, మద్రాసు పోతాడు…"

పొగమంచులో లారీల ఎర్రలైట్లు తప్ప రోడ్డు మీద ఏమీ కనబడటం లేదు. మామ ఏమాత్రం తొందరపడకుండా చెబుతున్నాడు. గాజులవాడు ఏడో ఊరినుంచి తిరిగొచ్చి, ఆ పిల్ల వాకిట్లో బుట్ట దించి, సరిగ్గా సరిపోయే గాజు జత బయటికి తీసి, చెయ్యి పట్టుకోబోయేసరికి, పిల్ల తండ్రి పశువుల కొట్టంలోంచి వచ్చాడు.

మామ వ్యాను పక్కకు తీసి ఆపేశాడు.

"ఏమైంది మామా? ఆ తండ్రి సూసేసినాడా? సెప్పు."

ఆయన తాళం తీసి జేబులో వేసుకుని, రోడ్డు పక్కనున్న టీ అంగడివైపు చూపించాడు.

"ఇంటర్వెల్" అన్నాడు.